నవ్వుల గ్యాసు... ఏడిపించకుండా!

కారుకు నైట్రస్ కిట్ పెట్టాలంటే గుర్రాల లెక్క కన్నా ముందు గొళ్లేల లెక్క చూసుకోవాలి

హోసూరు: ‘‘వాడు ఇంటికి ఏందో గ్యాసు బండ తెచ్చినాడు. మంచం కింద పెట్టినాడు. వంట గ్యాసు కాదంట. నువ్వొచ్చి ఒకసారి చూడు’’ అని మా అక్క ఫోను చేసింది. వాడంటే మా మేనల్లుడు. సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పని. ఇంట్లో అడిగితే ‘‘నీకు తెలీదులే అమ్మా’’ అన్నాడట. ఆ మాట వింటే ఏ తల్లికైనా నిద్ర పడుతుందా?

ఆదివారం పొద్దున వెళ్లేసరికి వాడు ఇంట్లో లేడు. బాగలూరు రోడ్డు పక్క సందులో, తెలిసిన మేస్త్రి షెడ్డులో ఉన్నాడు. నేలమీద గోనెపట్ట పరిచి అట్టపెట్టె విప్పి సామాను వరుసగా పేర్చుకున్నాడు. నీలం సిలిండరు ఒకటి, అల్లిక తొడుగున్న పొడవాటి గొట్టం, రెండు సోలెనాయిడ్లు, వేలెడంత నాజిలు, నాలుగైదు స్విచ్చులు, వైర్లు. పక్కన బానెట్ తెరిచిన 2003 నాటి హోండా సిటీ వీటెక్.

‘‘ఇంతే సామాను మామా. బటన్ నొక్కితే 35 గుర్రాలు జాస్తి’’ అన్నాడు కళ్లు మెరిపిస్తూ.

స్పోర్ట్స్ కారంటే అందరికీ ఫెరారీయే గుర్తొస్తుంది. మన కుర్రాళ్లకు అందేది ఇలాంటి పాత వీటెక్. 1.5 లీటర్ల ఇంజను, కంపెనీ లెక్కన 106 గుర్రాలు, తేలికపాటి ఒళ్లు. సెకండ్ హ్యాండులో కొని, టైర్లు మార్చి, సైలెన్సర్ మార్చి ఇదే నా స్పోర్ట్స్ కారు అనుకుంటారు. తప్పేం లేదు. 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా చూసిన తరం ఇప్పుడు తండ్రులైపోయింది. ఆ సినిమాలోని నీలి సీసా మీద మోజు మాత్రం కొడుకుల దాకా వచ్చింది.

ఏమిటీ గ్యాసు?

పేరు నైట్రస్ ఆక్సైడ్. 1772లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ దీన్ని తయారుచేశాడు. పీలిస్తే మత్తు, నవ్వు వస్తాయని హంఫ్రీ డేవీ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1800లో పుస్తకం రాశాడు. నవ్వుల గ్యాసు అనే పేరు అలా వచ్చింది. 1844లో అమెరికా దంతవైద్యుడు హొరేస్ వెల్స్ ఈ మత్తులోనే తన పన్ను పీకించుకున్నాడు. నేటికీ ఆపరేషన్ థియేటర్లలో నీలం రంగు సిలిండర్లలో ఉండేది ఇదే గ్యాసు.

మరి మత్తుమందుకు కారుతో ఏం పని? చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇది పెట్రోలు లాంటిది కాదు, వంట గ్యాసు లాంటిదీ కాదు. తనంతట తాను ఇంధనంలా మండదు. మండేదాన్ని మరింత మండిస్తుంది. ఇంజను బలం పెట్రోలులో కన్నా, ఆ పెట్రోలును మండించడానికి ఎంత గాలి పీల్చగలదన్న దాంట్లో ఉంది. గాలి బరువులో ప్రాణవాయువు 23 శాతమే. నైట్రస్ ఆక్సైడ్ బరువులో 36 శాతం. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో అది విడిపోయి ఆ ప్రాణవాయువును వదులుతుంది. ఇంజను సిలిండర్లో అంతకన్నా ఎక్కువ వేడే ఉంటుంది. దానికి తోడు ఈ ద్రవం మరిగేది సున్నాకు 88 డిగ్రీల కింద. నాజిలు దగ్గర ఆవిరవుతూ లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తుంది. చల్లగాలి చిక్కన. అది రెండో లాభం.

ఈ సంగతి హోసూరు వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నై గాలి కన్నా మన గాలి 8, 9 శాతం పల్చన. టర్బో లేని బండి ఇక్కడ ఆ మేరకు బలం తక్కువే ఇస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎత్తున ఎగిరే యుద్ధ విమానాలకు ‘జీఎం-1’ పేరుతో నైట్రస్ ఏర్పాటు పెట్టింది కూడా ఈ పల్చని గాలి బాధ పడలేకే. కార్లకు వచ్చింది ఆ తరవాత.

కాటా మీద తేలిన నిజం

మేస్త్రిది కుప్పం పక్క పల్లె. హోసూరు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. సామాను వైపు ఒకసారి చూసి, దేన్నీ ముట్టుకోకుండా, ‘‘బండ నిండుగా ఉండాదా, ఖాళీనా?’’ అని అడిగాడు.

‘‘నిండుగానే అన్నా. తెలిసినోళ్లు నింపించి ఇచ్చినారు.’’

‘‘తూకం వేసినారా?’’

మావాడు నీళ్లు నమిలాడు. మేస్త్రి పక్కనున్న పాత ఇనుము అంగడి నుంచి కాటా తెప్పించాడు. సిలిండరు మెడ దగ్గర ఖాళీ బరువు ఎంతో చెక్కి ఉంటుంది. అది 10 పౌండ్ల సీసా. అంటే నాలుగున్నర కిలోల గ్యాసు పట్టాలి. ఖాళీ బరువు తీసేసి లెక్క వేస్తే దాదాపు నాలుగు వందల గ్రాములు ఎక్కువ తేలింది.

‘‘ఎక్కువే కదా ఇచ్చినారు, నష్టమేముంది’’ అన్నాడు మావాడు. పాలవాడు కొసరు పోసినట్టు అనుకున్నాడు. మేస్త్రి మొహం మాత్రం మారిపోయింది. ‘‘దీన్ని ఎక్కడ పెట్టినావు రాత్రంతా? ఇంట్లోనా?’’ అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకే నాకు వెన్ను జలదరించింది.

సంగతేమిటంటే, సీసాలో గ్యాసు ద్రవరూపంలో ఉంటుంది. పైన కొంత ఖాళీ వదలాలి. ఎండకు ద్రవం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు లేకపోతే, అంచు దాకా పాలు పోసి మూత బిగించి పొయ్యి మీద పెట్టిన కుండే. మామూలుగా ఈ సీసాలో ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర సుమారు 735 పీఎస్‌ఐ. 30 డిగ్రీలకు 900 దాటుతుంది. మన కారు టైరులో ఉండేది 30, 33 పీఎస్‌ఐ అని గుర్తు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. 36.4 డిగ్రీల దగ్గర ఇంకో గడప ఉంది. అది దాటితే ద్రవం, ఆవిరి అనే తేడాయే పోతుంది. అక్కడి నుంచి ఒత్తిడి ఎంత పెరుగుతుందనేది సీసాలో ఎంత కూరారన్న దాని మీదే ఆధారం. కొంచెం ఎక్కువ నింపినా ముల్లు గబగబా ఎక్కుతుంది.

ఇప్పుడు మన రోడ్డు చూడండి. హోసూరులో చల్లటి పొద్దున 15 డిగ్రీలుంటే సీసా ఒత్తిడి 650 దగ్గర నీరసంగా ఉంటుంది. శూలగిరి దాటి దిగుతూ పోతే యాభై కిలోమీటర్లలో కృష్ణగిరి. ఎత్తు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. మామిడికాయల కాలంలో కృష్ణగిరి ఎండ సంగతి వేరే చెప్పాలా? నీడ పట్టునే 36 దాటే రోజులు ఉంటాయి. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకు ఎంతో మించి పోతుంది. చల్లటి హోసూరులో నింపించుకుని, కృష్ణగిరిలో పెళ్లి మండపం ముందు ఎండలో కారు ఆపి భోజనానికి పోయారనుకోండి. డిక్కీలో ఉన్నది గ్యాసు బండ కాదు, పందెం.

అలాంటప్పుడు ప్రాణం కాపాడడానికి వాల్వులో ఒక చిన్న రేకు బిళ్ల ఉంటుంది. ఒత్తిడి 3000 పీఎస్‌ఐ దగ్గరకు వస్తే అది చిరిగి గ్యాసును వదిలేస్తుంది. సీసా పగలకుండా బిళ్లే బలి అవుతుంది. మంచిదే. కానీ వదిలేది ఎక్కడికి? కారు లోపలికే అయితే? నైట్రస్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. కారు లోపల నిండి ప్రాణవాయువును గెంటేస్తుంది. మత్తు, ఊపిరాడకపోవడం, డ్రైవరు స్టీరింగు మీద వాలిపోవడం. అందుకే ఆ బిళ్ల దగ్గరి నుంచి గొట్టం వేసి కారు బయటికి తీయాలి. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ నియమాల్లోనే ఇది ఉంది. సీసా కనీసం 1800 పీఎస్‌ఐకి తగిన ముద్ర ఉన్నదై ఉండాలి, గట్టిగా బిగించాలి, హోసు క్లిప్పులతోనో ప్లాస్టిక్ పట్టీలతోనో కట్టకూడదు, వేడి చేయాలంటే థర్మోస్టాట్ ఉన్న దుప్పటి హీటరే వాడాలి. మావాడి పెట్టెలో అన్నీ ఉన్నాయి కానీ ఆ బయటి గొట్టం లేదు. అది విడిగా కొనాలట. ‘‘అవసరం లేదనుకున్నా మామా’’ అన్నాడు.

చలికి ఒత్తిడి తగ్గితే కొందరు వెల్డింగు టార్చితో సీసాను కాస్తారు. ఇంత మూర్ఖపు పని ఇంకోటి లేదు. సీసాలు అల్యూమినియంవి. మంట తగిలిన చోట లోహం మెత్తబడుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. రెండూ ఒకేసారి.

నైట్రస్ శాంతమైన గ్యాసని నమ్మేవాళ్ల కోసం ఇంకొక మాట. 2007 జులై 26న అమెరికాలోని మొజావెలో స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ అంతరిక్ష విమానం కోసం నైట్రస్ ఆక్సైడ్ పారించి చూస్తోంది. మంట పెట్టలేదు. ఉత్త పారకం పరీక్షే. అయినా పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. రాకెట్లు చేసేవాళ్లకే అట్లా అయింది. మనం షెడ్డులో నూనె చేతులతో, బనియన్ వేస్టు గుడ్డతో తుడిచి బిగిస్తామంటే ఎట్లా? ఈ గ్యాసు పారే చోట నూనె, గ్రీజు అసలు తగలకూడదు.

మేస్త్రి సీసాను వెనక ఖాళీ జాగాకు మోయించాడు. పిల్లల్ని, కుక్కని దూరం తరిమాడు. తోలు గ్లౌజులు తొడుక్కుని, గాలివాలు చూసి వాల్వు కొద్ది కొద్దిగా వదిలాడు. బుస్సుమని తెల్లటి పొగ. వాల్వు మూతి చుట్టూ మంచు పట్టింది. చెయ్యి తగిలితే తోలు ఊడి వస్తుందని చెప్పి, తూకం చూస్తూ ఆ నాలుగు వందల గ్రాములూ తీసేశాడు. అరగంట పట్టింది. తీసేదాకా ఎవరూ మాట్లాడలేదు.

‘పోకా యోకే’ అంటే తెలీదా?

టీ వచ్చింది. అప్పుడు మేస్త్రి అడిగిన మాట బాగుంది. ‘‘మీ ఫ్యాక్టరీలో ప్రెస్సు ఒక చేత్తో దించుతారా, రెండు చేతులతోనా?’’

రెండు చేతులతోనే. హోసూరులో ఏ ప్రెస్ షాపు కుర్రాణ్ని అడిగినా చెబుతాడు. రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్సు దిగుతుంది. చెయ్యి లోపల ఉండగా దిగకుండా ఆ ఏర్పాటు. జపానువాళ్లు పెట్టిన పేరు ‘పోకా యోకే’. పొరపాటు చేద్దామన్నా చేయనివ్వని ఏర్పాటు. లైను మీద పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ మాట. మన హోసూరు టీవీఎస్ మోటార్ 2002లో డెమింగ్ బహుమతి గెలిచింది ఇలాంటి క్రమశిక్షణకే. ‘‘ఫ్యాక్టరీలో ప్రతి బోల్టుకూ టార్క్ లెక్క చూస్తావు. సొంత బండి దగ్గరికొస్తే అందాజా?’’ అన్నాడు మేస్త్రి. మావాడు తల దించుకున్నాడు.

నైట్రస్ కిట్‌లో గ్యాసు పెట్టడం సులభం. వద్దన్నప్పుడు రాకుండా చూడటమే అసలు పని. మావాడు తెచ్చింది తడి రకం. అంటే ఒకే నాజిలు గ్యాసునూ, దానికి కావలసిన అదనపు పెట్రోలునూ కలిపి చిమ్ముతుంది. లెక్క ప్రకారం గాలి 14.7 కిలోలకు పెట్రోలు ఒక కిలో కావాలి. నైట్రస్‌కైతే తొమ్మిదిన్నర కిలోలకే ఒక కిలో. అంటే గ్యాసు వచ్చినప్పుడు పెట్రోలు ఎక్కువ రావాల్సిందే. గ్యాసు వచ్చి పెట్రోలు రాలేదా, లోపల వేడి హద్దు మీరుతుంది. పిస్టను నెత్తిన చిల్లు పడుతుంది. అందుకే గొళ్లేలు కావాలి.

మొదటిది మూత ఉన్న మెయిన్ స్విచ్చు. పొరపాటున చెయ్యి తగిలితే పడకూడదు. రెండోది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే కలిసే మైక్రో స్విచ్చు. సగం తొక్కినప్పుడు ఇంజను పీల్చే గాలి తక్కువ, అప్పుడు గ్యాసు పోస్తే పాళ్లు తప్పుతాయి. కాలు తీసిన క్షణంలో గ్యాసు ఆగిపోవాలి కూడా.

మూడోది విండో స్విచ్చు. దీని గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కుర్రాళ్లు తీసి పారేసేది దీన్నే. ఇంజను చక్కర్లు 3000 దాటాకే గ్యాసు మొదలై, పైన రెవ్ లిమిటరుకు మూడు నాలుగు వందల చక్కర్ల ముందే ఆగిపోయేట్టు చూస్తుందిది. కింద ఎందుకు వద్దంటే, నెమ్మదిగా తిరిగే ఇంజనులోకి అదే ధార పోస్తే ఒక్కో చక్కరుకు పడే మోతాదు రెట్టింపవుతుంది. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. లేదా ఇన్‌టేక్ గొట్టంలో గ్యాసు, పెట్రోలు మడుగు కట్టి ఒక్కసారి అంటుకుంటాయి. బానెట్ లేచిపోయిన ఫొటోలు మీరూ చూసి ఉంటారు. పైన ఎందుకు వద్దంటే, లిమిటరు తగిలినప్పుడు కారు కంప్యూటరు స్పార్కునో పెట్రోలునో కోసేస్తుంది. నైట్రస్ సోలెనాయిడ్‌కు ఆ సంగతి తెలీదు. అది పోస్తూనే ఉంటుంది. మావాడు చూసిన వీడియోలో ‘ఇది ఉంటే కిక్కు రాదు, బైపాస్ చేసేయండి’ అని చెప్పారట. కిక్కు సంగతేమో కానీ ఇంజను ఖర్చు ఆ వీడియో పెట్టినవాడు ఇవ్వడు కదా.

నాలుగోది పెట్రోలు ఒత్తిడి స్విచ్చు. పెట్రోలు లైనులో ఒత్తిడి తగ్గితే గ్యాసును ఆపేస్తుంది. పంపు నీరసించినా, ఫిల్టరు మూసుకున్నా పిస్టన్లను కాపాడేది ఇదే.

వీటన్నిటినీ ఒకదాని వెనక ఒకటి కలపాలి. ఒక్కటి వద్దన్నా గ్యాసు రాకూడదు. రిలే, ఫ్యూజు మామూలే. సీసాను మూతి ముందుకు, అడుగు కిందికి వాలేట్టు బిగించాలి. లోపలి గొట్టం వెనక అడుగున ఉంటుంది కాబట్టి వేగం ఎత్తినప్పుడు ద్రవం దాని దగ్గరే చేరుతుంది. తిప్పి బిగిస్తే ద్రవం బదులు ఆవిరి వస్తుంది, పాళ్లు తప్పుతాయి.

బల్ల మీదే బయటపడింది

కారుకు ఒక్క బోల్టు కూడా బిగించకముందే మేస్త్రి వైరింగంతా బల్ల మీద కలిపించాడు. పాత 12 వోల్టుల బ్యాటరీ, సోలెనాయిడ్ల బదులు రెండు టెస్టు ల్యాంపులు. సీసా దూరంగా, వాల్వు మూసి. విండో స్విచ్చును చివర్లో చూద్దామని వైరుతో దాటించాడు. పెట్రోలు ఒత్తిడి స్విచ్చుకు టైర్ల కంప్రెసరు గాలి పెట్టాడు. మెయిన్ స్విచ్చు వేసి, మైక్రో స్విచ్చు వేలితో నొక్కాడు. ఒత్తిడి సున్నా. దీపం వెలగకూడదు.

వెలిగింది.

గాలి ఎక్కించాడు. ఇంజను లైనులో ఉండేటంత, 40 పీఎస్‌ఐ దాకా. దీపం ఆరిపోయింది.

మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే. స్విచ్చు పాడవలేదు, బాగానే పనిచేస్తోంది. కాకపోతే తలకిందుల రకం. ఒత్తిడి లేనప్పుడు విడిపోయి ఉండే రకం కావాలి. మావాడు ఆన్‌లైనులో చవగ్గా దొరికిందని కొన్నది ఒత్తిడి లేనప్పుడు కలిసి ఉండేది. చూడటానికి రెండూ ఒకటే. అంటే ఈ కిట్ ఇలాగే బిగించి ఉంటే పెట్రోలు బాగా వస్తున్నంతసేపూ గ్యాసు రాదు. ‘పనిచేయట్లేదే’ అని రోడ్డు మీద తొక్కుతూ పోతాడు. ఎప్పుడైతే పెట్రోలు ఒత్తిడి పడిపోతుందో, సరిగ్గా అప్పుడే గ్యాసు దూకుతుంది. కాపలా పెట్టిన కుక్కే దొంగకు గడియ తీసినట్టు.

‘‘బటన్ నొక్కి చూస్తే సరిపోయేది అనుకుంటివి కదరా’’ అన్నాను. వాడేమీ అనలేదు. ఆ స్విచ్చును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తూ కూచున్నాడు.

అన్నీ సరిగా ఉన్నా ఇంకా పని ఉంది. సాధారణ నాలుగు సిలిండర్ల ఇంజనుకు 40 నుంచి 60 గుర్రాలు మించి వేయొద్దని కిట్ల వాళ్లే అంటారు. ఇంత చిన్న, ఇంత పాత ఇంజనుకు 25తో మొదలుపెట్టడం మేలు. ప్రతి 50 గుర్రాలకు స్పార్కు టైమింగ్ సుమారు రెండు డిగ్రీలు వెనక్కి తీయాలి. ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు వేయాలి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కావాలి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ 100 లాంటిది. 2003 నాటి కారు గొట్టాలు, రబ్బర్లు ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు కోసం చేసినవి కావు. ముందు వాటి ఆరోగ్యం చూడాలి. ఇంత చేస్తే ఆ సీసా ఎంతసేపు వస్తుంది? 50 గుర్రాల లెక్కన రెండు మూడు నిమిషాలు. నిజంగా అంతే.

రోడ్డు మీద చెల్లదు

‘‘ట్రాక్ మీదే వాడతా మామా. రోడ్డు మీద సీసా తీసేస్తా’’ అన్నాడు మావాడు. వాడి ఉద్దేశం మంచిదే కావచ్చు. చట్టం అలా చూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి రూ.5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద పందెం కడితే 189వ సెక్షను వేరే ఉంది. మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా రూ.5 వేలు, మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు లేదా రూ.10 వేలు. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్‌కు టీఎన్ 70 ఆఫీసు ముందు నిలబెట్టాలి కూడా.

కారు ఒక ఎత్తు, సీసా ఇంకో ఎత్తు. గ్యాసు సిలిండర్లకు 2016 నాటి నియమాలు ఉన్నాయి. నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఆమోదించిన సిలిండర్లే వాడాలి. లైసెన్సు ఉన్నచోటే నింపించాలి. నిర్ణీత గడువుకోసారి నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. మావాడి సీసాను నింపినవాళ్లు ఎవరో, ఎక్కడ నింపారో వాడికే సరిగా తెలీదు. ఆసుపత్రి గ్యాసు పక్కదారి పట్టి వచ్చిందేమోనని నాకు అనుమానం. విదేశాల్లో కార్లకని అమ్మే నైట్రస్‌లో పీల్చకుండా ఘాటు కోసం కొంచెం సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. మేస్త్రి వదిలినప్పుడు మాకు ఏ ఘాటూ తగల్లేదు.

సరదా తీర్చుకోవడానికి తావు లేదా అంటే ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేస్ ట్రాక్ ఉంది. కృష్ణగిరి నుంచి రోడ్డు మీద సుమారు 220 కిలోమీటర్లు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఆ పేరు ఎస్.కరివర్ధన్‌ది. మనవాళ్లలో ఒకడు, కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో పుట్టి, సొంతంగా రేసు కార్లు కట్టి, తక్కువ ఖర్చులో కుర్రాళ్లకు రేసింగ్ అందించినవాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. మన హోసూరులోనే 1982 నుంచి టీవీఎస్ రేసింగ్ జట్టు ఉంది. బైకు ఎంత బలం ఇస్తుందో, ఏ భాగం ఎంత వేడి తట్టుకుంటుందో కొలిచి కొలిచి చేసే పని అక్కడ. పోటీల్లో నైట్రస్ వాడొచ్చా లేదా అన్నది తరగతిని బట్టి మారుతుంది. ఎఫ్‌ఎంఎస్‌సీఐ నియమాల పుస్తకం ముందే చదవాలి. ట్రాక్ కోసమే ఒక బండి పెట్టుకుని, దాన్ని ట్రాలీ మీద తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు. ఖర్చే. కానీ పద్ధతి అది.

సాయంత్రానికి మావాడు ఒక నిర్ణయానికి వచ్చాడు. వీటెక్ వీటెక్‌లాగే ఉంటుంది. బానెట్ మూశాడు. సీసాలో మిగిలిన గ్యాసు కూడా ఖాళీ జాగాలో మెల్లగా వదిలించేశారు. పూర్తిగా అయ్యేసరికి చీకటి పడింది. వాల్వు తెరిచే ఉంచి, కాటా మీద పెట్టి ఖాళీ బరువు సరిపోయిందని చూశాకే మేస్త్రి గ్లౌజులు తీశాడు. స్విచ్చులు, సోలెనాయిడ్లు పెట్టెలో సర్దాడు మావాడు. ఆ తలకిందుల స్విచ్చు మాత్రం జేబులో వేసుకున్నాడు. లైను మీద సూపర్‌వైజరుకు చూపిస్తాడట.

అక్కకు ఫోను చేసి ఖాళీ చేశామని చెప్పాను. ‘‘ఖాళీయే కదా?’’ అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. ‘‘సరే. అయినా ఇంటికి మాత్రం తేవద్దను’’ అంది. సీసా ఇప్పుడు షెడ్డులోనే, కంప్రెసరు పక్కన, వాల్వు తెరిచి నిలబెట్టి ఉంది.